చూడదగ్గది, వెళ్లి చూడదగ్గది

సభకు నమస్కారం.

ఉత్తర ఐర్లండ్ సముద్రతీరంలో జెయింట్స్ కాజ్‌వే అనే చోటు ఉంది. ఐదారు కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా చల్లారి, కుంచించుకుని, బీటలు వారినప్పుడు ఏర్పడిన సుమారు 40,000 నల్లరాతి స్తంభాలు, ఎక్కువ భాగం ఆరు పలకలతో, ఎవరో కొలత పెట్టి చెక్కి పేర్చినట్టుగా మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగుతుంటాయి. అది చూడదగ్గ చోటు కాదా అని 1779లో జేమ్స్ బాస్వెల్ తన మిత్రుడూ నిఘంటుకారుడూ అయిన శామ్యూల్ జాన్సన్‌ను అడిగితే, చూడదగ్గదే గాని వెళ్లి చూడదగ్గది కాదని ఆయన బదులిచ్చాడు. జాన్సన్ ఐర్లండ్‌లో ఎన్నడూ అడుగు పెట్టినవాడు కాదు. చూడని చోటు మీద చెప్పిన తీర్పది. అయినా పేరుమోసిన యాత్రాస్థలాల గురించి నేను విన్నవాటిలో ఇంతకంటే పనికొచ్చే మాట మరొకటి లేదు. వస్తువు విలువనూ, దాని దగ్గరికి చేరడానికి మనం పడే పాట్లనూ ఆయన వేర్వేరుగా తూచాడు. మనమైతే తిరిగొచ్చాక “అక్కడేముంది, ఏమీ లేదు” అని పెదవి విరిచేటప్పుడు ఆ రెంటినీ కలగలిపేస్తాం.

ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ పెదవి విరుపు గురించీ, ఏ ఆశా పెట్టుకోని చోట ఉన్నట్టుండి ఎదురయ్యే సంతోషం గురించీ. రెంటికీ మూలం ఒకటేనని నా అభిప్రాయం: వెళ్లకముందే మనం ఆ చోటును ఎంతవరకు చూసేశామన్నది.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ఉన్న గదిని తీసుకుందాం. ఆ చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల పాప్లర్ చెక్క మీద వేసినది. దాని ముందు బులెట్‌ప్రూఫ్ గాజు, గాజు ముందు అడ్డుకట్ట, ఆ అడ్డుకట్టకు ఇవతల జనం. నేను వెళ్లిన రోజున ఆ బొమ్మను మొదట చూసింది గోడ మీద కాదు. నా ముందువరసలో ఎత్తి పట్టుకున్న ఫోన్ల తెరల మీద. ఒక్కొక్క తెరలో ఒక్కొక్క గోరంత మోనాలిసా, కొన్ని వంకరగా, కొన్ని మసకగా, ఒకదాంట్లో పక్కవాడి చెవితో సహా. అసలుది కంటబడేసరికి అది కూడా ఆ తెరల్లో ఒకటిలాగే అనిపించింది. అడ్డుకట్ట దాకా వెళ్లాక అరనిమిషం నిలబడ్డానేమో, వెనకవాళ్లు తోసుకొచ్చారు. ఆ అరనిమిషంలో కొత్తగా చూసినదేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ చిత్రానికి ఇంతటి పేరు రావడంలో చిత్రకారుడి గొప్పతనానికి ఎంత వాటా ఉందో దొంగతనానికీ అంతే వాటా ఉందనిపిస్తుంది. 1911 ఆగస్టు 21న విన్చెంజో పెరూజ్జా అనే పనివాడు దాన్ని గోడ మీది నుంచి తీసి పట్టుకుపోయాడు. 1913 డిసెంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అది దొరికేదాకా రెండేళ్లకు పైగా పత్రికలు ఆ ముఖాన్ని అచ్చువేస్తూనే ఉన్నాయి. దొంగతనం తర్వాత కొన్నాళ్లు మూసిన మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు జనం వరసకట్టి వచ్చి, బొమ్మ ఉండవలసిన చోట ఖాళీ గోడను చూసి వెళ్లారు. లేని బొమ్మను చూడడానికి క్యూ కట్టడం నవ్వు తెప్పించే సంగతే గాని, ఉన్న బొమ్మ ముందు వీపు తిప్పి సెల్ఫీ దిగి వెళ్లిపోయే మనకు ఆ జనాన్ని చూసి నవ్వే అర్హత ఉందా అని నాకు అనుమానం.

అదే గదిలో మోనాలిసాకు సరిగ్గా ఎదురుగోడ మీద వెనిస్ చిత్రకారుడు వెరోనేజే వేసిన, బైబిల్‌లోని కానా అనే ఊరి పెళ్లివిందు చిత్రం ఉంది. ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94 మీటర్లు, వైశాల్యంలో మోనాలిసాకు నూటయాభై రెట్లకు పైచిలుకు. లూవ్ర్‌లో ఇంతకంటే పెద్ద చిత్రం లేదు. వెనిస్‌లోని ఒక క్రైస్తవ మఠం భోజనశాల కోసం 1563లో పూర్తయిన ఈ చిత్రాన్ని 1797లో నెపోలియన్ సైన్యం అక్కడి నుంచి ఊడదీసి పారిస్‌కు తరలించింది. ఆ గదిలోకి వచ్చినవాళ్లలో చాలామంది దానికి వీపు పెట్టి నిలబడి ఉంటారు. నేనూ అలాగే నిలబడ్డాను. జనం తోస్తే వెనుదిరిగి, బయటికి దారి వెతుక్కుంటూ తలెత్తాను. నూటముప్పై మంది దాకా కూర్చున్న, నిల్చున్న, వడ్డిస్తున్న విందు అది. నట్టనడుమ క్రీస్తు కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు సంగీతకారులు వాయిస్తున్నారు, వాళ్లలో తెల్లని బట్టలు వేసుకున్నవాడు వెరోనేజేయేనని చెబుతూ వచ్చారు. ఎడమ వైపున ఒక దొరసాని తీరిగ్గా పళ్లు కుట్టుకుంటోంది. సంగీతకారుల ముందు రెండు కుక్కలు. కుడిపక్కన ఒక పిల్లి వెల్లకిలా పడుకుని జాడీ మీద చెక్కిన ముఖాన్ని గోళ్లతో గీరుతోంది. ఆ పిల్లిని నేను ఎంతసేపు చూశానో లెక్క లేదు. నన్ను ఎవరూ తోయలేదు, ఎవరికీ నేను అడ్డం రాలేదు. ఆ బొమ్మ గురించి నాకు అంతకుముందు ఏమీ తెలియకపోవడమే ఆ పూట నా అదృష్టం.

ఇక్కడ వెరోనేజే గొప్ప, మోనాలిసా దండగ అని నేను అనడం లేదు. ఆ రెండు బొమ్మలనూ గోడలు మార్చి వేలాడదీసినా నా అనుభవం తారుమారయ్యేది కాదు, ఎందుకంటే మోనాలిసాను నేను చిన్నప్పటి నుంచి అట్టల మీద, కప్పుల మీద, ప్రకటనల్లో వెయ్యిసార్లు చూసి ఉన్నాను. ఫొటో చేసే పని ఒకటుంది: లోకంలోని వస్తువులన్నింటినీ ఒకే కొలతకు, అరచేతి వెడల్పుకు తెస్తుంది. కోపెన్‌హేగన్ రేవులో 1913 నుంచి రాతి మీద కూర్చుని ఉన్న మత్స్యకన్య కంచుబొమ్మ ఎత్తు 1.25 మీటర్లు. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, వెడల్పు కొన్ని చోట్ల 29 కిలోమీటర్లు, లోతు మైలుకు మించి. తెర మీద రెండూ ఒకే సైజు. కాబట్టి మత్స్యకన్య దగ్గరికి వెళ్లినవాడు “ఇంతేనా” అంటాడు, కేన్యన్ అంచుకు వెళ్లినవాడు మాట రాక నిలబడిపోతాడు. దూరపు కొండలు నునుపు అన్న సామెతను మనం ఎప్పుడూ కొండను తప్పుపట్టడానికే వాడతాం గాని, ఆ దూరం అన్ని కొండలకూ ఒకే రకంగా అన్యాయం చెయ్యదు. పేరుమోసినదల్లా మోసమేనని తీర్మానించేవాళ్లతో అందుకే నేను ఏకీభవించను. ఫొటోలో ఇమడనిది ఎంత పేరు మోసినా చెడదు.

దీనికి ఇంగ్లండ్‌లో ఒక మంచి జోడీ ఉంది. స్టోన్‌హెంజ్ తెలియనివారుండరు, నిలువురాళ్లు, వాటి మీద అడ్డరాళ్లు, వెనుక ఆకాశం. ఒక్క ఫొటోలో మొత్తం పడుతుంది. మామూలు టికెట్టు మీద వెళ్తే రాళ్ల మధ్యకు పోనివ్వరు. కొంత దూరంలో వేసిన బాట వెంట చుట్టూ తిరిగి రావాలి. కోట్ల అడుగులు పడితే ఆ నేల ఏమవుతుందో తెలిసినవాళ్లు పెట్టిన కట్టడి అది, దానిలో తప్పులేదు. కాకపోతే ఆ బాట మీద నిలబడితే కనబడేది మనకు ముందే తెలిసిన ఫొటోయే.

అక్కడి నుంచి ఉత్తరంగా కారులో గంటలోపు దూరంలో ఏవ్‌బరీ ఉంది. అక్కడి రాతి వలయం ప్రపంచంలోకెల్లా పెద్దది, అడ్డకొలత సుమారు 330 మీటర్లు. ఎంత పెద్దదంటే ఒక ఊరిలో కొంత భాగం ఆ వలయం లోపలే ఉంది. రాళ్ల మీద అడ్డరాళ్లు లేవు, చెక్కుడు లేదు, వలయమంతా కనబడేలా నేల మీద నిలబడి ఫొటో తీద్దామంటే ఒక్క కోణమూ దొరకదు. పేరు అంతగా రాకపోవడానికి కారణం అదే అయి ఉండాలి. రాళ్లను ముట్టుకోవచ్చు, గొర్రెలు వాటికి ఒళ్లు రుద్దుకుంటూ మేస్తుంటాయి. నేను చెయ్యి ఆనించిన రాయి ఎండవైపు వెచ్చగా, నీడవైపు చల్లగా, నాచు పట్టి ఉంది. 1938లో అక్కడ పడిపోయి ఉన్న ఒక రాయిని తవ్వి లేపితే దాని కింద మధ్యయుగం నాటి మనిషి అస్థిపంజరం బయటపడింది. దాని పక్కన ఒక కత్తెర, చిన్న శస్త్రం, కొన్ని నాణేలు. క్షౌరమూ శస్త్రచికిత్సా రెండూ చేసే పనివాడై ఉంటాడని భావించి ఆ రాయికి ఆ వృత్తి పేరే పెట్టారు. రాయిని పూడ్చబోతూ దాని కింద పడ్డాడా, చనిపోయాక అక్కడ పాతిపెట్టారా అన్నది తేలలేదు.

నా వాదనకు లొంగని చోటు కూడా ఒకటి చెప్పాలి. ఈక్వడార్‌లో కీటో నగరానికి ఉత్తరంగా భూమధ్యరేఖా స్మారకం ఉంది. 1979కీ 1982కీ మధ్య కట్టిన 30 మీటర్ల స్తంభం, దాని ముందు నేల మీద గీసిన పసుపు గీత. చెరో అర్ధగోళంలో చెరో కాలు వేసి ఫొటో దిగడానికి జనం వస్తారు. తీరా జీపీఎస్‌తో కొలిస్తే అసలు భూమధ్యరేఖ అక్కడికి సుమారు 240 మీటర్ల ఉత్తరాన ఉన్నట్టు తేలింది. అంటే వాళ్ల రెండు కాళ్లూ దక్షిణార్ధగోళంలోనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసి కూడా జనం నవ్వుకుంటూ ఆ పసుపు గీత మీదే నిలబడతారు. ఇటలీలోని వెరోనాలో జూలియెట్‌ది అని చూపించే బాల్కనీ కూడా ఇంతే. జూలియెట్ కల్పిత పాత్ర, బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఇంటికి తగిలించినది. అయినా కింద నిలబడి మెడ పైకెత్తే జంటల ముఖాల్లో నిరాశ కనబడదు. వాళ్లు ఆ చోటును చూడడానికి రాలేదు, అక్కడ కలిసి నిలబడడానికి వచ్చారు. అలాంటి పనికి గీత ఎక్కడున్నా సరిపోతుంది.

మరి పేరున్న చోట్లు మానేసి పేరులేనివి వెతుక్కుంటే సరిపోదా అంటే, ఆ దారి ఎక్కడికి తీసుకుపోతుందో ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌ను అడగాలి. కొండకూ సరస్సుకూ నడుమ ఇరికిన ఆ ఊరి జనాభా 800 లోపు. ఎవరికీ తెలియని అందమైన ఊరు అని ఒకరికొకరు చెప్పుకుని చెప్పుకుని, రద్దీ రోజుల్లో దాదాపు 10,000 మంది వచ్చిపడే స్థితి తెచ్చారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో 2012లో ఆ ఊరికి నకలే కట్టారు. 2023లో, అందరూ ఫొటో దిగే చోట సరస్సు కనబడకుండా ఊరివాళ్లు చెక్కదడి అడ్డం పెట్టి, గోల పుట్టాక తీసేశారు. రహస్య స్థలాల జాబితాలు చూస్తే నాకు కాస్త చిరాకు. జాబితాకెక్కిన క్షణం నుంచి అది రహస్యమూ కాదు, అనుకోనిదీ కాదు. నేను ఏవ్‌బరీ గురించి ఇంతసేపు చెప్పి చేసిన తప్పు కూడా అదేనని ఒప్పుకుంటున్నాను.

చివరగా ఒక వాన గురించి చెప్పి ముగిస్తాను. రోమ్‌లో ఒక మధ్యాహ్నం, ఆ రోజుకు వేసుకున్న జాబితాలో మూడు చోట్లు మిగిలి ఉండగా, వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి దగ్గర్లో ఉన్న పాంథియన్‌లోకి పరిగెత్తాను. అదేమీ పేరులేని చోటు కాదు. పంతొమ్మిది వందల ఏళ్ల నాటి కట్టడం, 43 మీటర్ల అడ్డకొలత గల దాని గుమ్మటం ఫొటో ఎన్నోసార్లు చూసినదే. ఫొటోలో చూసినంతవరకు నడినెత్తిన ఉన్న గుండ్రని వెలుగు ఏ అద్దపు పలకో అనుకునేవాణ్ని. అది అద్దం కాదు, సుమారు తొమ్మిది మీటర్ల బిలం. వానకని లోపలికి పోతే లోపలా వానే. అంత ఎత్తు నుంచి, గాలి తగలని చోట, చినుకులు తిన్నగా, తీరిగ్గా, ఒక స్తంభంలాగా దిగుతున్నాయి. నట్టనడుమ నేల కాస్త ఉబ్బెత్తుగా ఉండడంతో నీళ్లు పక్కలకు జారి, పాలరాతిలో తొలిచిన రంధ్రాల్లోకి ఇంకిపోతున్నాయి. జనమంతా తడి తగలని చోటికి జరిగి, గోడల వెంట వలయంగా నిలబడ్డారు. ఎవరి ఫోనూ పైకి లేవలేదని చెప్పను, లేచాయి. కాని వాన తెరకు చిక్కలేదు గాబోలు, ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఇంతలో ఒక పిల్లవాడు తల్లి చెయ్యి విడిపించుకుని తడి నేల మీదికి నడిచి, రెండు అరచేతులూ పైకి చాపి నిలబడ్డాడు. తల్లి పిలవబోయి, ఆగి, తన చెప్పులు విడిచి వాడి వెనకే వెళ్లింది.