ఆర్‌ఎక్స్ 100కి కోన్ ఫిల్టర్ వేస్తే పికప్ ఎందుకు పోయింది? (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, చెప్పండి, ఎక్కడ్నుంచి?

కాలర్: నంద్యాల నుంచి మాట్లాడతాండా అన్నా. నాది యమహా ఆర్‌ఎక్స్ 100 బండి, టూ స్ట్రోక్, 95 మోడల్. గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్ పీకేసి బయటికి ఉండే కోన్ ఫిల్టర్ పెట్టిచ్చినా, సౌండ్ అదిరిపోయింది గానీ 60 దాటినాక బండి ఈడ్వడం ల్యా, ఎంత తిప్పినా అంతే.

మెకానిక్: కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే బెజ్జం ఉంటుందే, ఆ జెట్ మార్చావా తమ్ముడూ?

కాలర్: లేదన్నా, ఎయిర్ స్క్రూ తిప్పినాం అంతే.

మెకానిక్: ఫుల్ త్రాటిల్‌లో ఉన్నప్పుడు చెయ్యి కొంచెం వదిలితే బండి గబుక్కున ముందుకు లాగుతుందా?

కాలర్: అవునన్నా! అదే విచిత్రం.

మెకానిక్: విచిత్రమేం కాదు, పెట్రోల్ చాలట్లేదు. బాక్స్ తీసేశాక గాలి ఎక్కువొస్తుంది, మెయిన్ జెట్ కంపెనీదే ఉంది, పెట్రోల్ పాత లెక్కలోనే వస్తుంది. ఎయిర్ స్క్రూ స్లో జెట్‌కి సంబంధించింది, ఐడిలింగ్ దగ్గర, త్రాటిల్ కొంచెం తెరిచినంత వరకే దాని పని, మధ్యలో అంతా నీడిల్, అంటే త్రాటిల్‌తో పాటు పైకి లేచే సూది, ముప్పావు దాటితే మెయిన్ జెట్. నువ్వు స్క్రూ రోజంతా తిప్పినా పైన ఏం మారదు. అన్నట్టు టూ స్ట్రోక్‌కి పెట్రోల్‌తో పాటే ఆయిల్ వెళ్లాలి కదా, దానికి ఆయిల్ పంపు ఉందా, ట్యాంకులో కలుపుతున్నావా?

కాలర్: పంపు తీసేసినారన్నా, ట్యాంకులోనే కలుపుతా.

మెకానిక్: అయితే స్పీడు తొక్కడం ఇవాళ్టి నుంచే ఆపు. పెట్రోల్ తగ్గితే దాంతోపాటు ఆయిల్ కూడా తగ్గినట్టేగా, పైగా వేడి, పిస్టన్ పట్టేస్తుంది, హైవే మీద వెనక చక్రం లాక్ అయిందంటే ఇంజన్ బోరు ఖర్చు సంగతి తర్వాత, ముందు మనిషి కిందపడతాడు.

యాంకర్: మరి ఏం చెయ్యాలి సార్?

మెకానిక్: ముందు గాలి దొంగదారిన వస్తుందేమో చూడాలి. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పాత బండ్లలో పగిలి ఉంటుంది, ఐడిలింగ్‌లో పెట్టి అక్కడ కార్బ్ క్లీనర్ కొంచెం కొడితే రేసింగ్ మారిందా, లీకే. అది బాగుంటే మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెద్దది వెయ్యి. ఫుల్ త్రాటిల్‌లో బుడబుడమంటూ బరువుగా పోవాలి, అక్కణ్ణుంచి ఒక్కో సైజు దిగు. పైనుంచి కిందికే రావాలి, కిందనుంచి పైకి వెళ్తే మధ్యలోనే ఇంజన్ పోతుంది. స్పార్క్ ప్లగ్ ఇటుకరాయి, కాఫీపొడి మధ్య రంగులో ఉంటే ఆపెయ్. తెల్లగా ఉంటే ఇంకా పెట్రోల్ కావాలి, మసి తడిగా ఉంటే ఎక్కువైంది. కొందరు పాత జెట్‌నే తీగతో, సూదితో పెద్దది చేస్తారు చూడు, వాళ్ల చేతికి బండి ఇవ్వకు, ఆ బెజ్జం ఎంతయిందో వాళ్లకీ తెలీదు.

కాలర్: నీడిల్ అన్నా?

మెకానిక్: మధ్యలో తడబడితే నీడిల్ మీది క్లిప్ ఒక గాడి కిందికి వెయ్యి, నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ స్క్రూ ఆఖర్న, ఇంజన్ వేడెక్కాక. మెల్లగా మొత్తం బిగించి ఒకటిన్నర తిప్పు వెనక్కి తీసి, అక్కడ్నుంచి ఐడిలింగ్ ఎక్కడ బాగా లేస్తుందో అక్కడ వదులు. నీ మికుని కార్బొరేటర్‌లో స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, బిగిస్తే గాలి తగ్గుతుంది. కొన్ని ఫోర్ స్ట్రోక్ బండ్లకి ఇంజన్ వైపు ఉంటుంది, వాటికి ఇది తలకిందులు, బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది. ఎవరో వీడియోలో చూసి తిప్పేవాళ్లంతా ఇక్కడే తప్పులో కాలేస్తారు.

కాలర్: ఇదంతా చేస్తే స్పీడు పెరుగుతుందా అన్నా?

మెకానిక్: స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన సైలెన్సర్‌తో, స్టాక్ బోర్‌తో? పెద్దగా ఏమీ పెరగదు, సౌండే. ఆ బాక్స్ ఊరికే పెట్టలేదు కంపెనీ, దాని సైజుని బట్టే జెట్ లెక్క వేశారు. పైగా వానలో ఆ కోన్ నీళ్లు పీల్చుద్ది, మీ వైపు దుమ్ముకి వారం వారం కడగాలి. పాత బాక్స్ పడేశావా?

కాలర్: ఇంట్లోనే ఉందన్నా.

మెకానిక్: దాన్నే బిగించు, లోపల కొత్త ఫోమ్ వేసుకో, జెట్ స్టాక్‌దే ఉంచు. కోన్ ఎవరికైనా అమ్మెయ్, కొనేవాడికి మాత్రం జెట్ సంగతి చెప్పు.