సెకండ్ హ్యాండ్ ఎంసీ కార్ట్రిడ్జ్: డబ్బా కాదు, ముల్లు చూసి కొనండి

[తెర మీద: అరచేతిలో కార్ట్రిడ్జ్, వెనకాల తిరుగుతున్న రికార్డు]

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. కార్ట్రిడ్జ్ అంటే రికార్డు ప్లేయర్ చేయి (టోన్ఆర్మ్) చివర ముల్లుతో ఉండే చిన్న భాగం, ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చేది అదే. మూడేళ్ల కిందట ఖరీదైన ఎంసీ కార్ట్రిడ్జ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉందని తెలిసి, పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయాను. అమ్మే ఆయన "వంద గంటలు కూడా వాడలేదు" అన్నాడు. డబ్బా చూశాను, బిల్లు చూశాను, పైసలిచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి రికార్డు మీద దించితే కార్ట్రిడ్జ్ అడుగు భాగం రికార్డుకే రాసుకుంటోంది. ఆయన అబద్ధం చెప్పాడని అనుకోను. వాడకుండా పెట్టినా, ముల్లును మోసే కడ్డీని లోపల పట్టుకునే రబ్బరుకు వయసు వస్తుంది. అది కుంగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

[బొమ్మ: ముల్లు, దాన్ని మోసే కడ్డీ, చివర తీగచుట్టలు]

ఎంసీ అంటే మూవింగ్ కాయిల్. మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్‌లో ముల్లుతో పాటు అయస్కాంతం కదులుతుంది, తీగచుట్టలు కదలవు. ఎంసీలో అయస్కాంతం కదలదు, వెంట్రుక కంటే సన్నటి తీగచుట్టలు ఊగుతాయి. చుట్లు తక్కువ కాబట్టి సిగ్నల్ చాలా చిన్నది. ఎంఎం 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తే, డెనాన్ కంపెనీ ఎంసీ మోడల్ డీఎల్-103 ఇచ్చేది 0.3 మాత్రమే. అందుకే ఎంసీకి పనికొచ్చే ఫోనో స్టేజ్ (చిన్న సిగ్నల్‌ను పెంచే పెట్టె) గానీ, దాని ముందు పెట్టే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ కావాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక అసలు విషయం. ఎంఎంలో ముల్లు అరిగితే పాతది లాగేసి కొత్తది పెట్టుకుంటాం. ఎంసీల్లో చాలావాటికి అది కుదరదు. నిపుణుడి దగ్గరికి పంపి కొత్త ముల్లు వేయించాలి. దాన్నే రీటిప్ అంటారు. కొన్ని కంపెనీలు పాతది తీసుకుని తగ్గింపు ధరకు కొత్తది ఇస్తాయి. కాబట్టి అమ్మేవాడు చెప్పిన ధరకు రీటిప్ ఖర్చు, రానూపోనూ కొరియర్ కలపండి. ఉదాహరణకు ఆయన 40 వేలు అడిగాడు, రీటిప్‌కు మొత్తం 30 వేలు అవుతుందనుకుందాం. కొత్తది 80 వేలకే దొరుకుతుంటే తేడా పది వేలే, ఆ బేరం వదిలేయండి. డీఎల్-103 లాంటివి ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి, వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొనడం నాకు నచ్చదు.

[దగ్గరగా: పక్క నుంచి, ముందు నుంచి]

చూడ్డానికి వెళ్లేటప్పుడు గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం తీసుకెళ్లండి. ముందు నుంచి చూస్తే కడ్డీ నిటారుగా ఉండాలి, ఏ పక్కకూ వంగకూడదు. ముల్లు మీద కంపెనీ చెప్పిన బరువు పడేలా పెట్టి రికార్డు మీద దించినప్పుడు అడుగున కాస్త ఖాళీ కనిపించాలి. నేను చూడనిది అదే. ముల్లు చుట్టూ నల్లటి నూగు లాంటిది ఉంటే, అయస్కాంతం లాగిన ఇనుప రజను కావచ్చు. వేలితో తాకకండి. ముల్లు అరుగుదల మాత్రం ఆ భూతద్దంతో తేలదు, మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటో అడగండి.

మన ఎండలు మీకు చెప్పక్కర్లేదు. వేసవిలో రేకుల గదిలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద ఉన్న కార్ట్రిడ్జ్ రబ్బరు గట్టిపడి ఉండొచ్చు. ఎక్కడ దాచారో తప్పకుండా అడగండి.

తర్వాత విని చూడాలి. మీ సొంత మోనో రికార్డు (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి పట్టుకెళ్లండి, మన పాత తెలుగు రికార్డుల్లో మోనోకు కొదవ లేదు. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య నిలబడాలి. ఒక పక్కకు జరిగితే, ఫోనో స్టేజ్‌లోకి వచ్చే ఎడమ, కుడి వైర్లు మార్చి పెట్టమనండి. గొంతు కూడా అటు నుంచి ఇటు మారిందంటే లోపం కార్ట్రిడ్జ్ వైపో, టోన్ఆర్మ్ వైపో ఉంది. చివరి పాట తప్పకుండా వినండి. రికార్డు మధ్యకు వచ్చేకొద్దీ ముల్లుకు కష్టం ఎక్కువ. "స", "శ" దగ్గర ఉమ్మినట్టు చరచరమంటే సెట్టింగ్ సరిచేయించి మళ్లీ వినండి. అయినా పోకపోతే ముల్లు అరిగిపోయి ఉండొచ్చు.

ఇంకొక్క మాట. తాతల నాటి 78 ఆర్‌పీఎం లక్క రికార్డులను దీంతో వాయించకండి. వాటి గాడి వెడల్పు, వాటికి వేరే ముల్లు కావాలి.

[తెర మీద: టోన్ఆర్మ్ మెల్లగా దిగుతుంది]

నాది రీటిప్ అయి మొన్ననే వచ్చింది. ఇప్పుడు చివరి పాట పెడుతున్నాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని "స" ఎలా పలుకుతుందో వినండి.