కూల్ ఉందా సరే, ఎప్పటిది? హన్మకొండలో బీరు ముచ్చట

హోస్ట్: నమస్తే అందరికీ. ఇవాళ ముచ్చటంతా బీరు గురించి. 21 ఏళ్లు నిండనివాళ్లు ఈ ఎపిసోడ్ వదిలేసి పాతవి వినండి, చాలానే ఉన్నాయి. మన గెస్ట్ హన్మకొండ మనిషే. జర్మనీలో కొలోన్ నగరంలో ఉద్యోగం చేసి వచ్చి, ఇప్పుడు నయీంనగర్‌లో ఇంటి నుంచే పని చేసుకుంటున్నాడు. ఏ ఊరికి పోయినా ముందు గుడికి, తర్వాత బీరు కాచే చోటికి పోతాడని ఫ్రెండ్స్ అంటారు. నిజమేనా అన్నా?

గెస్ట్: గుడి సంగతి మా అమ్మకు చెప్పే మాట చెల్లె. రెండోది నిజమే.

హోస్ట్: (నవ్వు) సరే, మన వైన్స్ దగ్గర మొదలుపెడదాం. కౌంటర్ ముందు నిలబడితే వినపడేది ఒక్కటే మాట, "కూల్ ఉందా?"

గెస్ట్: ఆ తర్వాత "స్ట్రాంగా, లైటా?" అంతే, బేరం అయిపోయింది. ఎప్పటిది అని ఎవరూ అడగరు. సీసా మీద తయారీ తేదీ రాసే ఉంటుంది, చూసేవాళ్లు లేరు. విస్కీని సీసాలో పదేళ్లు ఉంచినా పెద్దగా మారదు. బీరు అట్లా కాదు, సీసాలో పోసిన రోజు నుంచే రుచి తగ్గుతూ వస్తుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా తగ్గుతుంది. సంగారెడ్డి దగ్గర ఫ్యాక్టరీలో తయారై, లారీ ఎక్కి, డిపోలో దిగి, మళ్లీ బండెక్కి వరంగల్ షాపు వెనక రేకుల గదిలో పడుతుంది. మే నెలలో ఆ గది ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా? అక్కడి నుంచి తీసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెడితే "కూల్ ఉంది" అంటారు.

హోస్ట్: తాగితే తెలియదా మరి?

గెస్ట్: గడ్డకట్టేంత చల్లగా ఉంటే నాలుకకు ఏమీ తెలియదు. మంచి బీరు మంచిదని తెలియదు, పాతబడింది పాతదనీ తెలియదు. ఒక పని చేయండి. గ్లాసులో పోసి పది నిమిషాలు ఆగి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది పాత సరుకు. బీరు మీద పని చేసేవాళ్లు కూడా సరిగ్గా ఆ మాటే వాడతారు. మొన్న ఇక్కడే ఒక బార్‌లో తేదీ చూపించి ఇది పాతది కదా అంటే వెయిటర్ నన్ను పైకీ కిందికీ చూశాడు. "సార్, అందరూ ఇదే తాగుతున్నారు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

హోస్ట్: ఆకుపచ్చ సీసాలు కొన్నిసార్లు అదో రకం కంపు కొడతాయి. అది కూడా పాతబడటమేనా?

గెస్ట్: కాదు, అది వెలుతురు పని. బీరుకు చేదు ఇచ్చేది హాప్స్ అనే తీగకు కాసే పువ్వు. దాంట్లో ఉన్న పదార్థం ఎండ తగిలితే విరిగిపోయి గంధకం కంపు కొట్టే ఇంకో పదార్థం అవుతుంది. నిమిషాల్లోనే మొదలవుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు, తెల్ల సీసా అసలే ఆపదు. కాబట్టి షాపు ముందర అద్దాల్లో అందంగా పేర్చిన సీసాలు వద్దు, లోపల పెట్టెలోది ఇవ్వమనండి.

హోస్ట్: స్ట్రాంగ్ మీద ఇంత మోజెందుకు?

గెస్ట్: లెక్క చెల్లె, లెక్క. మన దేశం రూల్ ప్రకారం 5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటే లైట్, 5 దాటి 8 దాకా స్ట్రాంగ్. ధరలో తేడా కొద్దిగా, కిక్కులో తేడా బాగా. మనవాడు రుచి కోసం కొనట్లేదు, అతన్ని తప్పుపట్టడానికి నాకేం హక్కు లేదు.

హోస్ట్: ఎప్పుడు పోయినా అవే నాలుగు బ్రాండ్లు ఉంటాయి ఎందుకు?

గెస్ట్: షాపువాడు తనకు నచ్చింది ఫ్యాక్టరీ నుంచి నేరుగా తెచ్చుకోలేడు. కంపెనీల నుంచి కొనేదీ, షాపులకు ఇచ్చేదీ రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ఒక్కటే. 2025 జనవరిలో గుర్తుందా? ధరలు పెంచడం లేదు, బకాయిలు రావడం లేదు అని యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేసింది. కింగ్‌ఫిషర్ వాళ్లదే కదా. కొద్ది రోజులకు మళ్లీ మొదలుపెట్టారు, ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగాయి. సంక్రాంతి టైంలో మా దోస్తులు పడ్డ టెన్షన్ పరీక్షలప్పుడు కూడా పడలేదు.

హోస్ట్: ఇక కొలోన్ సంగతి చెప్పు. నువ్వు మారింది అక్కడే కదా.

గెస్ట్: అక్కడి బీరు పేరు కోల్ష్. లేత పసుపు రంగు, తేలిక రుచి. మన 650 మిల్లీలీటర్ల సీసాకు అలవాటుపడ్డవాడికి మొదట నవ్వొస్తుంది, గ్లాసులో పట్టేది 200 మిల్లీలీటర్లే. సన్నగా, నిటారుగా ఉంటుంది. గుండ్రటి ట్రేలో చుట్టూ గ్లాసులు గుచ్చుకుని వెయిటర్ తిరుగుతుంటాడు. నీ గ్లాసు ఖాళీ అయితే అడగడు, కొత్తది పెట్టేసి గ్లాసు కింది అట్టముక్క మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తాడు. ఇక చాలు అనుకుంటే ఆ అట్టను తీసి గ్లాసు మీద మూత పెట్టాలి. పెట్టలేదంటే తెస్తూనే ఉంటాడు. చివర్లో గీతలు లెక్కపెట్టి బిల్లు. వెయిటర్లకు ఎకసెక్కం ఎక్కువ. నీళ్లు అడిగినవాడిని స్నానానికా అని అడుగుతారు.

హోస్ట్: అంత చిన్న గ్లాసు ఎందుకు?

గెస్ట్: ఆ బీరు పోసిన కొద్దిసేపటికే చప్పబడుతుంది. పెద్ద గ్లాసులో పోస్తే సగానికొచ్చేసరికి వేడెక్కి గ్యాస్ పోతుంది. చిన్నదైతే ప్రతి గుక్కా తాజాదే. కొలోన్, దాని చుట్టుపక్కల కాచిందాన్నే కోల్ష్ అనాలి. యూరప్ చట్టం 1997 నుంచి ఆ పేరును కాపాడుతోంది. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ, అంటే ఈ ప్రాంతానిదే అన్న గుర్తింపు, వచ్చింది కదా, అదే రకం రక్షణ.

హోస్ట్: నురగ సంగతి కూడా అడగాలి. మన దగ్గర నురగ వస్తే మోసం చేశాడంటారు.

గెస్ట్: అందుకే గ్లాసు అడ్డంగా వంచి, గోడ వెంట జారేలా పోస్తారు. చెక్ దేశంలో ప్రాగ్ పోయి చూడాలి నువ్వు. గ్లాసు నిండా నురగే పోసి, దాన్ని డబ్బులకు అమ్ముతారు! మ్లీకో అంటారు. తడిగా, చిక్కగా, కొంచెం తియ్యగా ఉంటుంది, అది కరిగేలోపే తాగేయాలి. మామూలుగా పోసినప్పుడు కూడా మూడు వేళ్ల నురగ ఉండాల్సిందే. వాసన మోసుకొచ్చేదే నురగ, కింద బీరుకు గాలి తగలకుండా కాపాడేదీ అదే. ఆ దేశంలో పిల్జెన్ అనే ఊళ్లో 1842లో ఒక బవేరియా మనిషి కాచిన బంగారు రంగు బీరు నుంచే ఇప్పుడు మనం తాగే లేత రంగు లాగర్ బీర్లు, అంటే చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టేవి, పుట్టాయి. ఆ ఊరి నీళ్లలో లవణాలు చాలా తక్కువ. ఆ రుచికి నీళ్లు పెద్ద కారణం.

హోస్ట్: అయితే మన బోరు నీళ్లతో కష్టమే.

గెస్ట్: ఇప్పుడు మెషిన్లతో నీళ్లను ఎట్లా కావాలంటే అట్లా మార్చుకోవచ్చు. నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది బెల్జియంలో బ్రస్సెల్స్. అక్కడ లాంబిక్ అని ఒక బీరు ఉంది. గింజల రసం మరిగించి, మేడమీద వెడల్పాటి, లోతు లేని రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు. పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్‌ను కలపరు. గాలిలో, చెక్క దూలాల మీద ఉన్న అడవి ఈస్టే వచ్చి పడుతుంది. తర్వాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు ఉంచుతారు. చలికాలంలోనే కాస్తారు, ఎండాకాలంలో చెడ్డ సూక్ష్మజీవులు ఎక్కువని. ఒక గుక్క తాగా. పులుపు, ఆ ఘాటు... నాకు మా మేనమామ ఊరి తాటివనం గుర్తొచ్చింది.

హోస్ట్: కల్లు!

గెస్ట్: కల్లే. లొట్టిలో పడ్డ నీరాను పులియబెట్టేది కూడా ఎవరూ కలపని ఈస్టే కదా. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. చెట్టును బట్టి రుచి, కాలాన్ని బట్టి రుచి. మా మామ ఒక్క గుక్కలో ఇది పోతుతాడు, ఇది పరుపుతాడు అని చెట్టు రకం చెప్తాడు. గౌడన్న చెట్టు దిగగానే రేకలో పోయించుకుని, గుడాలు నంజుకుంటూ తాగే మనిషికి తాజాదనం గురించి నేను చెప్పేదేముంది? అదే మనిషి హన్మకొండ వచ్చి ఆర్నెల్ల పాత సీసాకు కూల్ ఉందా అని మాత్రమే అడుగుతాడు. నాకు అర్థం కానిది అక్కడే.

హోస్ట్: కల్లును మరీ అంత మోయకు అన్నా. టౌన్ కాంపౌండ్లలో ఏం కలుపుతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

గెస్ట్: అది నిజం. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడి, అది దొరక్కపోతే పిచ్చెక్కినట్టు అయిపోయిన మనుషులు మన జిల్లాల్లో ఉన్నారు. ప్రాణాలూ పోయాయి. నేను చెప్పేది చెట్టు కింద, తెలిసిన గౌడన్న చేతి కల్లు గురించి. సీసాలో పోసి అమ్మేదాని జోలికి నేను పోను.

హోస్ట్: మైక్రోబ్రూవరీల దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఉన్నాయి, బెంగళూరులో వీధికొకటి. మనకు?

గెస్ట్: తెలంగాణలో 2015లో రూల్స్ వచ్చాయి, హైదరాబాద్‌లో షురూ అయింది. వేరే మున్సిపల్ కార్పొరేషన్లలో కూడా లైసెన్సులు ఇవ్వాలన్న మాట 2025లో గట్టిగా వినిపించింది. అక్కడే కాచి అక్కడే పోస్తారు కాబట్టి లారీ, డిపో, రేకుల గది ఏదీ మధ్యలో ఉండదు. అదొక్కటే నాకు ముఖ్యం. మిగతా లైటింగు, డీజే నాకెందుకు? హైదరాబాద్‌లో నేను ముందు గోధుమ బీరు అడుగుతా. అరటిపండు, లవంగం వాసన రావాలి. పండూ వేయరు, లవంగమూ వేయరు, ఈస్టే ఆ వాసన పుట్టిస్తుంది. అది రాలేదంటే ఆ వంటమనిషి చేతిలో పని లేదని నా లెక్క. మామిడి బీరు, స్ట్రాబెర్రీ బీరు లాంటివి తప్పులు దాచడానికి బాగా పనికొస్తాయి.

హోస్ట్: వరంగల్‌లో నీకు లైసెన్స్ వస్తే ఏం కాస్తావు? చపాటా మిర్చి బీరా?

గెస్ట్: వద్దు తల్లీ. ఫొటోకు బాగుంటుంది, రెండో గ్లాసు ఎవడూ అడగడు. నేనైతే పచ్చజొన్నతో కాస్తా. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పండే జొన్న. జొన్న బీరు వింతేం కాదు, ఆఫ్రికాలో ఎప్పటినుంచో ఉంది. నైజీరియా 1988లో బార్లీ దిగుమతి ఆపేస్తే పెద్ద పెద్ద కంపెనీలు కూడా జొన్నకూ మక్కకూ మారాల్సి వచ్చింది.

హోస్ట్: అంత సులువా?

గెస్ట్: సులువైతే అందరూ చేసేవాళ్లు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, బరకగా పట్టించి 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే దాంట్లో ఉన్న ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. జొన్న పిండి ఆ వేడికి సరిగ్గా ఉడకదు, ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. కాబట్టి జొన్నను వేరే గిన్నెలో జావలా ఉడకబెట్టి, చల్లార్చి, బార్లీలో కలపాలి. ఇంకో చిక్కు, బార్లీకి పొట్టు ఉంటుంది, రసం వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడ అవుతుంది. జొన్నకు ఆ పొట్టు లేదు, మొత్తం ముద్దకట్టి కూర్చుంటుంది. సగం సగం కలిపితే పని నడుస్తుంది. మిగిలిన పిప్పిని బర్రెలు బ్రహ్మాండంగా తింటాయి, అది ఊరికే పోదు.

హోస్ట్: అదంతా అయ్యాక కస్టమర్ వచ్చి "స్ట్రాంగ్ ఉందా" అంటే?

గెస్ట్: అంటాడు. మొదటి ఏడాదంతా అంటాడు. కాజీపేట రైల్వే వాళ్లు, నిట్ స్టూడెంట్లు, అమెరికా నుంచి సెలవుకు వచ్చినవాళ్లతో మొదలై మెల్లగా పెరగాలి. పెరుగుతుందని రాసివ్వమంటే ఇవ్వను.

హోస్ట్: నా సొంత ప్రశ్న ఒకటి. మేము నలుగురు ఆడవాళ్లం ఒక గ్లాసు బీరు తాగాలంటే ఇక్కడ ఎక్కడ కూర్చోవాలి? ఫ్యామిలీ సెక్షన్ అని చీకటి క్యాబిన్‌లో కూర్చోబెట్టి కర్టెన్ వేస్తారు.

గెస్ట్: కొలోన్‌లో అమ్మమ్మలు మధ్యాహ్నం భోజనంలో గ్లాసు బీరుతో పేకాడుతుంటారు, పక్కన మనవళ్లు కూర్చుని తింటుంటారు. మన బార్‌కు కిటికీలే ఉండవు. ఏదో తప్పు పని జరిగే చోటులా కడతారు, ఆ తర్వాత మనుషులు కూడా అట్లాగే ప్రవర్తిస్తారు. నా చేతిలో ఉంటే లైసెన్స్‌కు ముందు కిటికీలు అడుగుతా. ఇంకోటి, తాగితే బండి ముట్టొద్దు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, ఒక్క స్ట్రాంగ్ సీసాకే చాలామంది దాటేస్తారు.

హోస్ట్: చివరిది, వింటున్నవాళ్లలో ఒకరి ప్రశ్న. పరకాల నుంచి పంపారు. ఒకసారి ఫ్రిజ్‌లో నుంచి తీసిన బీరు మళ్లీ పెడితే పాడవుతుందా?

గెస్ట్: పాడవదు, అది ఉత్త మాట. పాడుచేసేది వేడి, వెలుతురు, రోజులు. కానీ తొందరపడి ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోతే సీసా పగులుతుంది. బకెట్లో ఐసు, నీళ్లు, రెండు గుప్పెళ్ల ఉప్పు వేసి సీసా ముంచితే పావుగంటలో చల్లబడుతుంది.

హోస్ట్: బకెట్లో ఐసు ఎందుకని మా అత్త అడుగుతుందే.

గెస్ట్: మజ్జిగకని చెప్పు. ఒక గ్లాసు మజ్జిగ కూడా పెట్టు మరి, పక్కన.