పాడేరు కొండల్లో ఒక ఇంటాయన, ఆయన కావిడి

నమస్కారం. ముందు ఈ షాట్ చూడండి. నేను జూమ్ చేసింది మొహం మీదికి కాదు, భుజం మీదికి. కుడి భుజం మీద చర్మం నల్లగా, మందంగా గట్టిపడింది చూశారా? కావిడి బద్ద ఏళ్ల తరబడి ఒరుసుకుంటే అలా అవుతుంది. మనది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు వైపు కొండమీద ఒక చిన్న ఊరు. ఆయన పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. వీడియో అంతా 'ఇంటాయన' అనే పిలుస్తాను.

నవంబర్ నుంచి జనవరి దాకా ఈ కొండల్లో ఎవరిని కదిపినా కాఫీ మాటే. పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు. ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లి, పండినవి మాత్రమే కోయాలి. కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వేసి తోలు తీయాలి, రాత్రికి వదిలేస్తే పులిసిపోతుంది. తర్వాత జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఇంత ఓపిక లేనివాళ్లు పండును అలాగే ఎండేసి చెర్రీగా అమ్ముతారు, దానికి ధర తక్కువ. ఇంటాయనకి ఈ లెక్క తెలియక కాదు. కడగడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు కింద గెడ్డ నుంచి, అంటే కొండవాగు నుంచి రావాలి. మోసేది ఈ భుజమే.

ఇక ఎండబెట్టే సమయంలో ఆయన టెన్షన్ చూడాలి! సరిగ్గా అప్పుడే పొద్దున పది దాకా పొగమంచు, మధ్యలో బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ మడతపెట్టుకుని ఇంట్లోకి పరుగు. ఆ రాత్రి ఇంట్లో గింజలు పడుకుంటాయి, మనుషులు అరుగు మీద సర్దుకుంటారు.

తోటలో పైకి చూస్తే నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు. కాఫీకి నీడ అవే, మిరియాల తీగ పాకేదీ వాటి మీదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ కొండల్లో ఆ చెట్లు కుప్పకూలాయి. చెట్టు పడితే ఒక్క చెట్టే కాదు, దాని కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి, మిరియాల తీగ పోయింది, మిగిలిన మొక్కలకి నీడా పోయింది. కొత్త కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, నీడ చెట్టు ఎదగడానికి అంతకన్నా ఎక్కువ. ఆ గాలి రోజున నేను నగరంలో కరెంటు లేదని విసుక్కుంటూ కూర్చున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

కాఫీ డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. సంక్రాంతికి ఆశ్రమ పాఠశాల నుంచి పిల్లలు ఇంటికి వచ్చే వేళకి చేతిలో నాలుగు రూపాయలు ఉంటాయి. తర్వాత మిరియాలు, నిచ్చెన ఎక్కి కోయాలి. వేసవిలో ఉపాధి పని, చింతపండు, అడ్డాకులు. వానలు పడితే మడుల్లో వరి, కొండవాలులో చోళ్లు (రాగులు), సామలు. ఇందులో ఏ ఒక్కటీ ఇల్లు గడపదు. అన్నీ కలిస్తే గడుస్తుంది. అన్నట్టు, 'కష్టజీవి ఇంటాయన' అని టైటిల్ పెడదామనుకున్నాను. ఆయన లేచేసరికి ఇంటావిడ చోడి అంబలి కాచేసి, నీళ్లు తెచ్చేసి, కోతకి గంప సర్దేసింది. అది చూశాక టైటిల్ మార్చేశాను.

వలిసె పూల సీజన్‌లో మనవాళ్లు కార్లు దిగి పసుపు పూల మధ్య ఫొటోలు దిగుతారు కదా. కొన్ని చోట్ల రైతులు పదో ఇరవయ్యో అడిగితే "ఇక్కడా కమర్షియల్ అయిపోయారు" అని మొహం చిట్లిస్తారు. బాబూ, అది పార్కు కాదు, నూనె గింజల పంట. మీరు నిలబడ్డ చోట మొక్క మళ్లీ లేవదు.

కావిడి బద్దకి ఇంకో పని కూడా ఉంది. రోడ్డు లేని ఊళ్లలో ఎవరికైనా నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా అలాంటి కర్రకే దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి మోస్తారు. అదే డోలీ. ముందు ఒకరు, వెనక ఒకరు, అలిసిపోతే మార్చుకోవడానికి పక్కన ఇంకో ఇద్దరు. వార్తల్లో మనకి కనిపించేది రోగి. మోసేవాళ్లు ఆ రోజు తోట పని మానుకుని వచ్చిన వీళ్లే. ఇంటాయన ఎన్నిసార్లు మోశారని అడిగాను. లెక్కపెట్టుకునే పనా అది అన్నట్టు నవ్వేశారు. రాత్రి వానలో, జారే రాళ్ల మీద డోలీ మొయ్యడం గురించి మాత్రం చెప్పారు. ముందున్నవాడు కాలు ఎక్కడ వేశాడో వెనకవాడికి కనిపించదట, గొంతు వినిపిస్తే చాలట.

చివరి షాట్ సంత నుంచి తిరిగి వచ్చేటప్పటిది. పొద్దున దిగేటప్పుడు రెండు వైపులా నిండుగా మిరియాలు, కందులు. కావిడికి రెండు వైపులా బరువు సరిపోవాలి, లేకపోతే దిగుడులో మనిషిని పక్కకి లాగేస్తుంది. సాయంత్రం ఒక గంపలో ఉప్పు, నూనె, ఎండుచేపలు, హాస్టల్లో ఉన్న చిన్నమ్మాయికి స్వెటర్. రెండో గంపలో ఏముందో అని కెమెరా దగ్గరికి తీసుకెళ్లాను. గెడ్డ దగ్గర ఏరుకున్న రాయి. బరువు సరిపెట్టుకోవడానికట.