కెనడా స్టడీ పర్మిట్ పత్రాలు: చెరువు సొమ్మును కాగితం మీద ఎలా చూపాలి?

నమస్కారం. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. కెనడా స్టడీ పర్మిట్‌కు అడిగే పత్రాల జాబితా మన డెల్టా రైతు కుటుంబాలకు ఎంతవరకు సరిపోతుందో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

పాస్‌పోర్టు, విద్యాసంస్థ ఇచ్చే ప్రవేశపత్రం అందరికీ తెలిసినవే. ప్రావిన్సు ఇచ్చే ధ్రువీకరణ లేఖ, అంటే పాల్, 2024 జనవరి నుంచి చాలామందికి తప్పనిసరి అయింది. 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ రంగ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవారికి మాత్రం దాని అవసరం లేదు.

అసలు చిక్కు డబ్బు పత్రాల దగ్గర వస్తుంది. మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు కాక, క్యూబెక్ మినహా మిగిలిన ప్రాంతాలకు ఒంటరిగా వెళ్లే విద్యార్థి జీవన వ్యయం కింద 22,895 కెనడా డాలర్లు చూపాలని 2025 సెప్టెంబరు 1 నుంచి నిబంధన ఉంది. రుజువుల్లో నాలుగు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకటి. నెల జీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన షరతు ఇదని నా అభిప్రాయం. రొయ్యల రైతు ఖాతాలో మూడు నెలలపాటు మేతకు, కరెంటుకు కట్టిన చెల్లింపులే కనిపించి, పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం, అయిన వారంలో లక్షలు ఒక్కసారిగా జమవుతాయి. మనకు ఇది ఏటా చూసే సంగతే అయినా, దరఖాస్తు చూసే అధికారికి ఎవరి దగ్గరో తెచ్చి వేసిన సొమ్ములా తోచవచ్చు. వరి, కొబ్బరి ఆదాయానికి పన్ను లేనందున చాలా ఇళ్లలో చూపడానికి రిటర్నులు కూడా ఉండవు.

అందుకే కాటా చీటీ, కొనుగోలుదారు చెల్లింపు రసీదు, చెరువు లీజు పత్రం, భూమి రికార్డులైన వన్‌-బి, అడంగల్ జతచేసి, ఏ జమ ఏ పట్టుబడిదో తేదీలతో వివరణ లేఖలో రాయాలి. తెలుగు పత్రాలకు ఇంగ్లిషు అనువాదం కావాలి. దానిని విద్యార్థి గాని, కుటుంబసభ్యులు గాని చేయకూడదు; ఇంట్లో ఇంగ్లిషు మాస్టారున్నా సరే.

పొలం విలువ ధ్రువపత్రంతో ఫైలు లావుగా కనిపిస్తుందే తప్ప, ఆ విలువ ఫీజు కట్టడానికి చేతిలో ఉన్న నగదు కాదు. విద్యార్థుల దరఖాస్తులను త్వరగా పరిశీలించే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబరు 8న రద్దయినా, కెనడా బ్యాంకులో ముందే సొమ్ము జమచేసి తీసుకునే డిపాజిట్ పత్రం, అంటే జీఐసీ, ఇప్పటికీ రుజువుగా చెల్లుతుంది. నా లెక్కలో అదే అన్నిటికన్నా తేట.

వడ్డీకి తెచ్చి కొద్ది రోజులు ఖాతాలో నిలిపి, తమదేనని చూపించే పద్ధతి ఒకటి మన ఊళ్లలో నడుస్తోంది. వివరాలు తప్పని తేలితే ఐదేళ్లపాటు కెనడా ప్రవేశ నిషేధం పడేది విద్యార్థికి. ఫైలు తయారుచేసిన ఏజెంటు మాత్రం మరుసటి ఫైలు పనిలో ఉంటాడు.