తుపాకీ కొనే ముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోండి

(డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాలయ్యాక తుపాకుల మీద ప్రసంగానికి ఇంతమంది ఆగారంటే సంతోషమే, కొంచెం దిగులుగా కూడా ఉంది. వారమంతా నాదీ మీలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారాలు మాత్రం టెక్సస్ క్యారీ లైసెన్సు, అంటే పిస్టల్ వెంట తీసుకెళ్ళడానికి ఇచ్చే లైసెన్సు, దాని క్లాసు చెప్తాను. ఈ మధ్య మనవాళ్ళు ఎక్కువగా వస్తున్నారు. ఎందుకొస్తున్నారో నేను అడగక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు మన ఇళ్ళలో భయం మొదలైంది. 2023 మే 6న డాలస్ పక్కనే ఉన్న అలెన్ మాల్‌లో ఒకడు 8 మందిని కాల్చి చంపేశాడు. వాళ్ళలో తెలంగాణ నుంచి వచ్చిన ఒక ఇంజనీరమ్మాయి ఉంది. సేల్ ఉందంటే మనమంతా పిల్లల్ని వేసుకుని వెళ్ళే మాలే అది.

క్లాసుకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది, "అన్నా, ఏ గన్ కొనమంటావ్?" అని. నేను తిరిగి అడిగేది, "ఇంట్లో ఎవరెవరుంటారు? ఎవరిది ఏ స్టేటస్?" అని. చాలామంది దీన్ని మర్యాదకు అడిగే ప్రశ్న అనుకుంటారు. అసలు విషయమంతా అందులోనే ఉంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను.

హెచ్1బీ ఉద్యోగ వీసా, వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్4, చదువుకిచ్చే ఎఫ్1, విజిటర్ వీసా, వీటిలో ఏది ఉన్నా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. కొనకూడదని మాత్రమే కాదు, ఉండకూడదు. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకుని కాల్చినా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. కొన్ని మినహాయింపులున్నాయి. ఎక్కువగా వినపడేది హంటింగ్ లైసెన్సు. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. ఇది చట్టంలో ఉన్నమాటే. అయితే వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని ఆ దారిలో వెళ్ళేముందు ఒక లాయరుకి ఫీజు కట్టి అడగండి. గ్రీన్ కార్డు అప్లై చేసి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, మీద ఉన్నవాళ్ళకూ ఇదే మాట. ఇందులో తేడా వస్తే 15 ఏళ్ళ వరకూ జైలు పడొచ్చు. అంతకంటే ముందు మీ ఇమ్మిగ్రేషన్ కథ ముగుస్తుంది, ఎందుకంటే తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను కూడా వెనక్కి పంపేయొచ్చు.

గ్రీన్ కార్డు వచ్చాక కొనొచ్చు, టెక్సస్ లైసెన్సూ తీసుకోవచ్చు. కానీ మన ఇళ్ళు ఎలా ఉంటాయి? భార్యకు సిటిజన్‌షిప్, భర్త ఇంకా హెచ్1బీ. లేదా ఇద్దరికీ గ్రీన్ కార్డు, ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరునెలలు ఉందామని వచ్చారు. మామగారు విజిటర్ వీసా మీద ఉన్నారు, మీరు ఆఫీసుకెళ్తూ "మంచం పక్క సొరుగులో ఉంది మామయ్యా, అవసరమైతే" అన్నారనుకోండి, ఆయన్ని కాపాడటం మాట అటుంచి నేరంలోకి లాగారు. ఇంట్లో అర్హత లేని మనిషి ఉంటే తుపాకీ వాళ్ళ చేతికి అందని సేఫ్‌లో ఉండాలి, ఆ సేఫ్ నంబరు వాళ్ళకు తెలియకూడదు. భార్యాభర్తల మధ్య దాపరికం ఏంటని క్లాసులో నవ్వుతారు. ఈ ఒక్క నంబరు దగ్గర మాత్రం దాపరికం ఉండాలి.

ఇంకో చిక్కు మన అలవాటులోంచి వస్తుంది. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, తర్వాతే ఆయుధం. అర్జీ పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి, ఎన్నికల కోడ్ వచ్చిందంటే తీసుకెళ్ళి స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. ఆ లెక్కలో మనవాళ్ళు ఇక్కడి క్యారీ లైసెన్సును తుపాకీ కొనడానికి పర్మిషన్ అనుకుంటారు. కాదు. టెక్సస్‌లో ఇంట్లో పిస్టల్ పెట్టుకోవడానికి లైసెన్సే అక్కర్లేదు. షాపుకెళ్తే ఫారం 4473 ఇస్తారు, నింపుతారు, షాపువాడు ఎఫ్‌బీఐ నడిపే సిస్టమ్‌లో మీ పేరు చూస్తాడు. చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. పేరు ఇంకొకరితో కలిస్తే "డిలే" అని వస్తుంది. మన పేర్లతో అదేం వింత కాదు, కంగారుపడకండి. షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. ఫారంలో అబద్ధం రాస్తే అదే ఒక నేరం. అందులో గంజాయి గురించి ప్రశ్న ఉంటుంది. కొలరాడోలో అది షాపుల్లో అమ్ముతున్నా ఫెడరల్ చట్టానికి ఇప్పటికీ తప్పే. గృహహింస కేసులో శిక్ష పడినవాళ్ళకు, చిన్న కేసైనా సరే, 1996 నుంచి తుపాకీ లేదు. మీ పేరు మీద కొని అర్హత లేని తమ్ముడికి ఇవ్వడాన్ని 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం విడిగా పెద్ద నేరం చేసింది. తమ్ముడి మీద ప్రేమ ఉంటే ఐఫోన్ కొనిపెట్టండి.

ఇక ఏ గన్ అన్న ప్రశ్న. చేతికి చిన్నగా, ముద్దుగా ఉన్నది ఎంచుకుంటారు, ముఖ్యంగా మొదటిసారి కొనే ఆడవాళ్ళకు షాపుల్లో అదే చూపిస్తారు. చిన్న పిస్టల్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి కాల్చినప్పుడు గట్టిగా తంతుంది. నాలుగు రౌండ్లకే, అంటే నాలుగు తూటాలకే, చెయ్యి నొప్పెట్టి, మళ్ళీ రేంజ్ ముఖం చూడరు. కొంచెం బరువున్న, మధ్యరకం 9ఎంఎం పిస్టల్ అద్దెకు తీసుకుని, రెండు మూడు రకాలు కాల్చి చూసి అప్పుడు కొనండి. స్లైడ్, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, లాగడానికి బలం చాలట్లేదంటే బలం సమస్య కాకపోవచ్చు. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా పట్టుకుని, స్లైడ్‌ని పైనుంచి గట్టిగా పట్టి, కుడిచేత్తో పిస్టల్‌ని ముందుకి తోయండి. లాగడం కంటే తోయడం తేలిక.

క్లాసులో నేను ఎక్కువ టైము పెట్టేది మాత్రం ఖాళీ చేయడం మీద. తుపాకీ ఖాళీ చేయాలంటే ముందు మ్యాగజీన్, అంటే రౌండ్లు నింపే డబ్బా, బయటికి తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, తర్వాత చాంబర్‌లోకి, అంటే పేలే ముందు రౌండు కూర్చునే చోటులోకి, కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో చూడండి. ముందు స్లైడ్ లాగారు, చాంబర్‌లో ఉన్న రౌండు బయటపడింది. స్లైడ్ ముందుకు వస్తూ మ్యాగజీన్‌లో పైనున్న రౌండుని మళ్ళీ చాంబర్‌లోకి నెట్టేసింది. అప్పుడు మీరు మ్యాగజీన్ తీసి పక్కన పెట్టారు. చేతిలో మ్యాగజీన్, టేబుల్ మీద ఒక రౌండు కనపడుతున్నాయి కాబట్టి ఖాళీ అయిందనే అనుకుంటారు. లోపల ఒకటి ఉంది. కొన్ని పిస్టళ్ళు విప్పి శుభ్రం చేయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి కూడా. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ కుర్రాడొకడు కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. ఆ రోజు అతని పుట్టినరోజు. అక్కడ సరిగ్గా ఏం జరిగిందో దాని మీద నేను వ్యాఖ్యానం చేయను. శుభ్రం చేసే గదిలో ఒక్క రౌండు కూడా ఉండకూడదని మాత్రం చెప్తాను. రౌండ్ల డబ్బా వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి.

ఇప్పుడు బయటికి తీసుకెళ్ళే సంగతి. 1991 అక్టోబరు 16న ఇదే టెక్సస్‌లో, కిలీన్ ఊళ్ళో, లూబీస్ అనే హోటల్లోకి ఒకడు ట్రక్కుతో ముందున్న అద్దాల కిటికీ పగలగొట్టుకుని వచ్చి 23 మందిని చంపాడు. సుజానా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులిద్దరూ ఆ కాల్పుల్లో పోయారు. ఆవిడ తుపాకీ కారులో ఉండిపోయింది, ఎందుకంటే అప్పట్లో వెంట తీసుకెళ్తే నేరం. ఆవిడ ఊరూరా తిరిగి చెప్పిన సాక్ష్యం, 1995లో లైసెన్సు చట్టం రావడానికి ఒక పెద్ద కారణం. తర్వాత శాసనసభకు కూడా గెలిచింది. 2021 సెప్టెంబరు 1 నుంచి అయితే 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డు లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. మరి ఇంకా లైసెన్సు ఎందుకు, నా జేబు నింపడానికా అని అడుగుతారు.

ఒక్క కారణం చాలు. ఫెడరల్ చట్టంలో స్కూలు చుట్టూ 1000 అడుగుల లోపల తుపాకీ ఉండకూడదు. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే మినహాయింపు. ఫ్రిస్కోలో, ప్లేనోలో నాలుగు వీధులు తిరిగితే ఒక ఎలిమెంటరీ స్కూలు. మీరు పాల ప్యాకెట్టుకి వెళ్ళొచ్చేలోపు ఆ గీత ఎన్నిసార్లు దాటుతారో లెక్కపెట్టలేరు. ఇంకా, పక్క రాష్ట్రాలు చాలావరకు టెక్సస్ లైసెన్సును ఒప్పుకుంటాయి. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా ఒప్పుకోవు. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్క్ పాత లైసెన్సు నిబంధనను కొట్టేసింది కదా అని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావగారింటికి పిస్టల్‌తో బయల్దేరకండి. ఆ తీర్పు అక్కడివాళ్ళు లైసెన్సు అడగడానికి దారి తెరిచింది. మీ టెక్సస్ కార్డు అక్కడ చెల్లుతుందని చెప్పలేదు.

లైసెన్సు తీసుకోవడం పెద్ద పనేం కాదు. డీపీఎస్, అంటే టెక్సస్ పబ్లిక్ సేఫ్టీ శాఖ, వెబ్‌సైట్‌లో అప్లికేషన్, 40 డాలర్ల ఫీజు, వేలిముద్రలు, 4 నుంచి 6 గంటల క్లాసు, రాతపరీక్ష, తర్వాత రేంజ్‌లో 50 రౌండ్లు. 3 గజాల దూరం నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. నూటికి 70 వస్తే పాస్. మూడు గజాలంటే ఈ బల్లకీ మొదటి వరసకీ ఉన్నంత దూరం. అంత దగ్గర నుంచి కదలని కాగితాన్ని కొట్టి "నేను రెడీ" అనుకోవడం నాకు మింగుడుపడదు. 2019 డిసెంబరులో ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఒకడు కాల్పులు మొదలుపెడితే, జాక్ విల్సన్ అనే పెద్దాయన కొన్ని సెకన్లలో ఒకే గుండుతో వాణ్ణి పడేశాడు. అందరూ ఆ వీడియో పంపిస్తారు. ఆయన ఏళ్ళ తరబడి తుపాకీ నేర్పిన మనిషని, ఆ లోపే ఇద్దరు చనిపోయారని ఎవరూ రాయరు.

గుడి గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2019 సెప్టెంబరు నుంచి, ప్రార్థనా స్థలం వాళ్ళు వద్దని చెప్పకపోతే లైసెన్సు ఉన్నవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. వద్దనడానికి టెక్సస్ చట్టం సెక్షన్ల నంబర్లతో 30.06, 30.07 అనే బోర్డులుంటాయి, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో. గుమ్మం దగ్గర చెప్పులు విప్పేటప్పుడు తల పైకెత్తి చూడండి. బార్ల దగ్గర ఎర్రగా 51 శాతం అని, అంటే ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచే అని, రాసి ఉంటే లైసెన్సు ఉన్నా లోపలికి కుదరదు. పోస్టాఫీసులో కుదరదు. ఎయిర్‌పోర్టులో బ్యాగులో మర్చిపోయి సెక్యూరిటీ దాకా వెళ్తే ఫైను వేల డాలర్లలో ఉంటుంది. పోలీసు కారు ఆపి ఐడీ అడిగితే, తుపాకీ వెంట ఉన్నప్పుడు లైసెన్సు కూడా కలిపి ఇవ్వాలి. దయచేసి ఇన్సూరెన్సు కాగితం, తుపాకీ ఒకే గ్లవ్ బాక్సులో పెట్టకండి.

మన ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది. హోల్స్టర్లు, అంటే తుపాకీ పెట్టుకునే ఒరలు, అన్నీ బెల్టు ఉన్న ప్యాంటుకి చేసినవి. చుడీదార్‌కీ చీరకీ బెల్టు ఉండదు, అందుకని హ్యాండ్‌బ్యాగులో వేస్తారు. 2014 డిసెంబరులో ఐడహోలోని ఒక వాల్‌మార్ట్‌లో, లైసెన్సు ఉన్న ఒక తల్లి షాపింగ్ కార్టులో పెట్టిన హ్యాండ్‌బ్యాగులోంచి రెండేళ్ళ కొడుకు పిస్టల్ తీశాడు. అది పేలి ఆవిడ అక్కడికక్కడే పోయింది. మన పిల్లలు చాక్లెట్ కోసం, ఫోన్ కోసం మొదట చెయ్యి పెట్టేది అమ్మ బ్యాగులోనే. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్స్టర్ ఒంటి మీద కుదరని బట్టలు వేసుకున్న రోజు తుపాకీ ఇంట్లో సేఫ్‌లో ఉంచి వెళ్ళడమే నయం.

ఇంటి సంగతికొస్తే, ఇక్కడి గోడలు మన ఊళ్ళో ఇటుక గోడలు కావు. లోపలి గోడ అంటే రెండు అట్టల మధ్య ఖాళీ, 9ఎంఎం తూటాకి అది అడ్డే కాదు. మీ బెడ్‌రూమ్ తలుపు వైపు కాలిస్తే దాని వెనక ఎవరి గది ఉంది? ఇవాళ రాత్రి ఇంటికెళ్ళాక ఒక్కసారి నిలబడి చూడండి. టెక్సస్ చట్టం ఇంట్లో ఆత్మరక్షణకు చాలా వెసులుబాటు ఇస్తుంది, వెనక్కి తగ్గాల్సిన బాధ్యత కూడా లేదు. కానీ 1992లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే 16 ఏళ్ళ జపాన్ కుర్రాడు హాలోవీన్ పార్టీకని పొరపాటున వేరే ఇంటి గంట కొట్టాడు. ఇంటాయన "ఫ్రీజ్" అన్నాడు, ఆ పిల్లాడు ఆగలేదు, ఇంటాయన కాల్చేశాడు. క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు, సివిల్ కేసులో లక్షల డాలర్లు కట్టమన్నారు. ఇలాంటి కథల్లో మనం రెండు వైపులా ఉండగలం. మన కొత్త కుర్రాళ్ళు డెలివరీకి వెళ్ళి తప్పు తలుపు కొట్టేవాళ్ళు, మనం భయంతో తలుపు వెనక నిలబడ్డవాళ్ళం.

చివరిగా ఒక లెక్క. 2022లో అమెరికాలో తుపాకీతో పోయినవాళ్ళు 48 వేల పైచిలుకు, అందులో దాదాపు 27 వేలు ఆత్మహత్యలు. దొంగల గురించి గంట మాట్లాడతాం, దీని గురించి ఎవరం మాట్లాడం. లేఆఫ్ వచ్చిన మనిషి, వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న మనిషి, కాలేజీ సీటు రాని పిల్లాడు ఇంట్లో ఉంటే, కొన్నాళ్ళు ఆ తుపాకీ నమ్మకమైన స్నేహితుడి సేఫ్‌లో ఉండనివ్వండి. ఆ స్నేహితుడికి చట్టప్రకారం అర్హత ఉందో లేదో ముందు చూసుకోండి. 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. పిస్టల్‌తో పాటు షాపువాడు తాళం ఇవ్వాల్సిందే, అది ఫెడరల్ చట్టం. చాలా ఇళ్ళలో ఆ తాళం డబ్బాలోనే ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంటుంది.

పక్క బల్ల మీద మూడు రకాల సేఫ్‌లు పెట్టాను, నీలం రంగు ప్లాస్టిక్ పిస్టల్ ఒకటి ఉంది, అది పేలదు. ఇద్దరిద్దరు వచ్చి, లైట్లు ఆర్పేశాక చీకట్లో మీ చేత్తో ఏ సేఫ్ తెరవగలరో ప్రయత్నించండి. వేలిముద్రతో తెరుచుకునేది చెయ్యి తడిగా ఉంటే మొరాయిస్తుంది, అందుకే ఒక గ్లాసు నీళ్ళు కూడా పెట్టాను. ప్రశ్నలుంటే ఆ బల్ల దగ్గరే అడగండి. వీసా ప్రశ్నలు నలుగురిలో అడగడం ఇష్టం లేనివాళ్ళు చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు.