గిజిగాడి గూడు ముందు సలీం అలీ

[తెరపై: బావి మీదికి వంగిన ఈతచెట్టు, మట్టలకు వేలాడుతున్న గూళ్లు]

మా ఊళ్లో దిగుడుబావి పక్కన ఒక ఈతచెట్టు ఉండేది. వానలు మొదలైతే చాలు, దాని మట్టలనిండా గిజిగాడి గూళ్లే. కొన్ని పూర్తిగా కట్టినవి, కింద పొడుగాటి గొట్టంతో ఉండేవి. కొన్ని మాత్రం సగంలోనే ఆగిపోయి, బోర్లించిన చిప్పల్లా కనిపించేవి. గాలికి పాడైపోయాయి కాబోలని అనుకునేవాణ్ణి. ఆ సగం గూళ్ల సంగతి కూర్చుని గమనించి రాసిన మనిషికి అప్పుడు ముప్పై మూడేళ్లు. చేతిలో ఉద్యోగం లేదు. తర్వాత పక్షిశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న ఆయన పేరు సలీం అలీ.

చదువు అయిపోతోంది, నాకేం కావాలో నాకే తెలియట్లేదు అని టెన్షన్ పడేవాళ్లు మన ఇళ్లలోనే ఎంతమంది! వాళ్లకు ఈయన కథ చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

[తెరపై: గొంతు దగ్గర పసుపు మచ్చ ఉన్న పిచ్చుక]

సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే మేనమామ పెంచారు. పదేళ్ల వయసప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు దగ్గర పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకు అది ఉండదు కదా! ఇదేం పిట్ట అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. చీటీ రాసిచ్చి, జంతువులను, పక్షులను అధ్యయనం చేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో మిల్లార్డ్ అనే దొర దగ్గరికి పంపారు. దొర ఆ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు. అల్మారా సొరుగులు లాగి, వాటిలో వరసగా పేర్చిన పిట్టలను ఒక్కొక్కటే చూపించారు.

ఇక్కడితో దారి దొరికిపోయిందని చాలామంది కథ ముగిస్తారు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి ఇరవై ఏళ్లే. కాలేజీ చదువు మధ్యలో ఆగింది. కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్తే, పనికన్నా అడవుల్లో పిట్టల వెంట తిరగడమే ఎక్కువైంది. తిరిగొచ్చి వ్యాపార చట్టం, అకౌంట్స్ చదివారు. జంతుశాస్త్రమూ చదివారు గానీ పెద్ద డిగ్రీ లేదు, అందుకని జంతువుల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే శాస్త్రవేత్త దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి, నిధుల్లేవని ఆ ఉద్యోగం కాస్తా తీసేశారు.

ఇన్ని మలుపుల్లో ఆయనకు తన గురించి ఒక సంగతి స్పష్టంగా తెలిసొచ్చింది. వ్యాపారంలో మనసు నిలవదు. పిట్టను చూస్తూ మాత్రం గంటలు గంటలు కదలకుండా కూర్చోగలరు. మార్కుల జాబితాలో ఎక్కడా కనిపించని బలం అది.

[తెరపై: గడ్డిపోచ ముడివేస్తున్న మగ గిజిగాడు]

బొంబాయిలో ఖర్చులు భరించలేక, భార్య తెహ్మీనా తరఫువాళ్ల ఇల్లు ఉన్న కిహీం అనే సముద్రతీర పల్లెకు మారారు. అక్కడ ఇంటి దగ్గరే గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. ఆ వానాకాలమంతా ఆయనకు అదే పని.

ఏం కనిపించిందంటే, మగపిట్ట గూడు సగం దాకా అల్లి ఆపేస్తుంది. అప్పుడు ఆడపిట్టలు వస్తాయి. లోపల దూరి, అటూ ఇటూ తిరిగి, ఇల్లు కొనేవాళ్లలా పరీక్షగా చూస్తాయి. నచ్చితే ఒకటి ఉండిపోతుంది. మగపిట్ట అప్పుడే గొట్టం కట్టి గూడు పూర్తి చేస్తుంది. ఆ వెంటనే ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడపిట్ట కోసం చూస్తుంది. ఎవరికీ నచ్చని గూడు అలాగే సగంలో ఉండిపోతుంది.

ఆ పరిశీలన అచ్చయ్యాక పక్షిశాస్త్రంలో ఆయనకు పేరొచ్చింది. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది. సంస్థానాలకు వెళ్లి, జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు పెట్టుకోండి చాలు, మీ పక్షులన్నీ లెక్కగట్టి ఇస్తానన్నారు. అలా మన హైదరాబాద్ సంస్థానంలో 1931లో సర్వే మొదలైంది. తర్వాత మరెన్నో సంస్థానాలు. జీతం లేని ఆ ఏళ్లలో ఇల్లెలా గడిచింది అనే ప్రశ్న న్యాయమైనదే. తెహ్మీనా తోడు లేకపోతే ఆ బతుకు సాగేది కాదనే నేననుకుంటాను. ఎవరైనా ఈ కథ చెప్పి ఉద్యోగం మానేయమంటే నమ్మకండి. ఆయన మానేయలేదు, ఆయన ఉద్యోగమే పోయింది.

[తెరపై: సగంలో ఆగిన గూడు, దగ్గరగా]

దాదాపు ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, 1985లో, ఆయన ఆత్మకథ అచ్చయింది. దాని పేరులో ఉన్నది చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో రాల్చిన ఆ పిచ్చుకే.

ఈ వానాకాలం మీ ఊరు వెళ్తే ఈతచెట్టు దగ్గర ఓ అరగంట ఆగండి. సగం గూడు కనిపిస్తే, కాసేపట్లో ఎవరైనా చూడ్డానికి వస్తారేమో గమనించండి.